నీళ్ల అడ్డుకోత

సెంట్రిఫ్యూగల్ పంపు కేసింగ్‌ను కంప్యూటర్లో మోడల్ చెయ్యమని కొత్తగా చేరిన ఇంజనీరుకు ఇస్తే, ముందు ఇనుము గీస్తాడు. బయటి గోడ, కాళ్లు, ఫ్లాంజి, బోల్టు రంధ్రాలు అన్నీ పెట్టాక లోపల నీళ్లకు దారి తొలుస్తాడు. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లతో నేను మొట్టమొదట మాన్పించే అలవాటు ఇదే. ముందు నీళ్లు గీయండి అంటాను. ఇంపెల్లర్ అంచు వదిలిన క్షణం నుంచి డెలివరీ పైపులో పడేదాకా నీళ్లు ఏ ఆకారంలో ఉంటాయో, ఆ ఆకారాన్నే ఒక సాలిడ్‌గా తయారు చెయ్యండి. ఇనుమును దాని చుట్టూ తర్వాత కప్పుకోవచ్చు.

ఇది కంప్యూటర్ వచ్చాక పుట్టిన ఆలోచన కాదు. ఫౌండ్రీలో ఎప్పుడూ జరిగేది ఇదే. కేసింగ్ పోత పోసేటప్పుడు లోపలి ఖాళీ కోసం ఇసుకతో కోర్ చేస్తారు. ఆ కోర్ అచ్చంగా నీళ్ల ఆకారమే. కోర్ బాక్స్ చేసే మేస్త్రికి కేసింగ్ బయటి గోడ ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా పెద్ద బెంగ ఉండదు. లోపలి ఆకారం తేడా వస్తే మాత్రం పంపు టెస్ట్ బెంచి మీద నిలబడదని అతనికి తెలుసు.

ఆ లోపలి ఆకారాన్నే వాల్యూట్ అంటాం. ఇంపెల్లర్ చుట్టూ మొత్తం 360 డిగ్రీలూ నీళ్లు బయటికి వస్తూనే ఉంటాయి. వాటిని పోగుచేసుకుంటూ వెళ్లే దారి క్రమంగా పెద్దదవుతూ పోవాలి. టంగ్ దగ్గర, అంటే వాల్యూట్ మొదలయ్యే ముక్కు దగ్గర, దారిలో నీళ్లు దాదాపు లేవు. 90 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మొత్తం నీటిలో పావు వంతు, 180 దగ్గర సగం, పూర్తి చుట్టు తిరిగి, వాల్యూట్ ముగిసే త్రోట్ దగ్గరికి చేరేసరికి మొత్తం. ఏ కోణం దగ్గర కోసి చూసినా, ఆ అడ్డుకోత వైశాల్యం అక్కడ పోవలసిన నీటికి తగినట్టు ఉండాలి. ఎక్కడో ఒకచోట ఇరుకైతే అక్కడ వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇంపెల్లర్ చుట్టూ పీడనం ఒక్కలా లేకపోతే దాన్ని ఒక పక్కకు తోసే బలం పుడుతుంది. ఆ బలానికి షాఫ్టు వంగుతుంది, సీల్ అరుగుతుంది, బేరింగు వేడెక్కుతుంది. డిజైన్ చేసిన నీటి కంటే బాగా తక్కువ పారించినప్పుడు ఎంత మంచి వాల్యూట్‌లోనైనా ఈ తోపుడు ఉంటుంది. అందుకే పెద్ద పంపుల్లో 180 డిగ్రీల దగ్గర నుంచి మధ్యలో ఒక గోడ పెట్టి దారిని రెండుగా చీలుస్తారు. కానీ డిజైన్ ప్రవాహం దగ్గర కూడా తోపుడు కనిపిస్తే అనుమానించాల్సింది అడ్డుకోతల్నే.

వైశాల్యం ఎలా పెరగాలి అన్నదానికి మా వృత్తిలో రెండు దారులున్నాయి. మొదటిది వాల్యూట్ అంతటా సగటు వేగం ఒక్కటే ఉండాలనేది. స్టెపనాఫ్ పుస్తకం చదివి పెరిగినవాళ్లది ఈ పద్ధతి. అప్పుడు వైశాల్యం కోణంతో పాటు సూటిగా పెరుగుతుంది. రెండోది ఫ్లైడరర్ చెప్పిన దారి: ఇంపెల్లర్ వదిలిన నీటికి ఉన్న తిరుగుడు ఊపు అలాగే నిలుస్తుంది, కాబట్టి కేంద్రం నుంచి దూరం పెరిగినకొద్దీ వేగం తగ్గుతుంది. ఈ లెక్కన త్రోట్ వైపు అడ్డుకోతలు, అంటే సెక్షన్లు, కొంచెం ఎక్కువ లావు కావాలి. 180 డిగ్రీల దగ్గరి వైశాల్యం త్రోట్‌లో సగం కంటే తక్కువ వస్తుంది. చిన్న పంపుల్లో రెండింటి మధ్య తేడా పెద్దగా కనపడదు. దారి వెడల్పైనకొద్దీ కనపడుతుంది. నేను రెండో దారి మనిషిని. అయితే ఏ దారిలో పోయినా మోడల్ చేసేవాడి ముందు నిలిచే ప్రశ్న ఒకటే. వైశాల్యం ఇంత కావాలని లెక్క చెబుతోంది, కానీ స్కెచ్‌లో మనం పెట్టేవి పొడవులు, కోణాలు, వ్యాసార్ధాలు. ఫలానా వైశాల్యం వచ్చేలా సర్దుకో అని స్కెచ్‌కు నేరుగా చెప్పే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో లేదు.

అడ్డుకోత గుండ్రంగా ఉంటే పని తేలిక. వైశాల్యం తెలిస్తే వ్యాసం తెలిసినట్టే. కానీ పోత కేసింగుల్లో సాధారణంగా కనిపించేది ట్రెపీజియం. ఇంపెల్లర్ వైపు అడుగు వెడల్పు, అక్కడి నుంచి బయటికి విచ్చుకుంటూ పోయే రెండు గోడలు, పైన కప్పు, మూలల్లో ఫిల్లెట్ అనే గుండ్రదనం. అడుగు వెడల్పు 40 మిల్లీమీటర్లు, గోడలు ఒక్కొక్కటి 15 డిగ్రీలు వాలినవి, కావలసిన వైశాల్యం 2000 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. మూలల సంగతి మరిచిపోతే ఎత్తు సుమారు 39.5 వస్తుంది. ఇప్పుడు పై మూలలు రెండింటికీ 12 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వేస్తే 111 చదరపు మిల్లీమీటర్లు పోతాయి, అంటే ఐదున్నర శాతం. దాన్ని తిరిగి రాబట్టాలంటే ఎత్తు 41.3కు పెరగాలి. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఇదే ఫిల్లెట్ టంగ్ దగ్గరి చిన్న సెక్షన్‌లో తినే వాటా చాలా ఎక్కువ. గోడ వాలు పెరిగితే ఇంకా ఎక్కువ: మూల 90 డిగ్రీలున్నప్పుడు ఫిల్లెట్ కోసేది వ్యాసార్ధం వర్గంలో 0.215 వంతు, మూల 60 డిగ్రీలకు బిగిస్తే 0.685 వంతు. మూడు రెట్లకు పైనే. కాబట్టి ఫిల్లెట్‌ను చివర్లో అందం కోసం వేసేదిగా చూడకూడదు. అది వైశాల్యం లెక్కలో మొదటి నుంచీ ఉండాల్సిన అంకె.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. త్రోట్ దగ్గర 12 మిల్లీమీటర్ల ఫిల్లెట్ హాయిగా కూర్చుంటుంది. వెనక్కి నడుచుకుంటూ టంగ్ వైపు వస్తే సెక్షన్ ఎత్తు 30, 20, 10 అని తగ్గిపోతుంది. ఒకచోట గోడ మొత్తం ఫిల్లెట్‌కే సరిపోతుంది. ఆ తర్వాత ఫిల్లెట్‌కు చోటే ఉండదు. సాఫ్ట్‌వేర్ ఎర్రగా మెరిసి ఆగిపోతుంది. కొత్తవాళ్లు అక్కడ ఫిల్లెట్ తీసేసి లాగించేస్తారు. అప్పుడు ఒక సెక్షన్‌లో ఆరు ముక్కలు, ఇంకో సెక్షన్‌లో నాలుగు ముక్కలు అవుతాయి. ఆ రెండింటినీ కలిపి లాఫ్ట్ చెయ్యమంటే, అంటే వాటి మధ్య ఉపరితలం పరచమంటే, ఏ ముక్క చివర ఏ ముక్క చివరతో కలవాలో సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు తేల్చుకుంటుంది. ఉపరితలం మెలిపడుతుంది. పైకి నున్నగానే కనిపిస్తూ లోపల ముడత దాచుకున్న వాల్యూట్లు నేను చాలా చూశాను.

అందుకని నేను పెట్టుకున్న నియమం: మొదటి సెక్షన్ నుంచి చివరి సెక్షన్ దాకా ముక్కల సంఖ్య మారకూడదు, మొదలయ్యే బిందువు మారకూడదు, తిరిగే దిశ మారకూడదు. ఈ మూడూ నిలవాలంటే ఏ కొలతా ఒంటరిగా ఉండకూడదు. ఫిల్లెట్ 12 అని రాయకుండా, గోడ పొడవులో ఇన్నో వంతు అని రాయాలి. అప్పుడు సెక్షన్ ఎంత చిన్నదైనా గుండ్రదనం దానితో పాటే చిన్నదవుతుంది, చోటు చాలకపోవడం ఉండదు.

ఇంకా మంచి దారి కోనిక్. గోడ మీద సగం పొడవు దగ్గర ఒక బిందువు, కప్పు మీద సరిగ్గా మధ్యలో ఒక బిందువు, ఆ రెండు గీతలూ కలిసే మూల, వీటికి తోడు రో అనే ఒక్క అంకె. అంతే, వంపు పూర్తిగా నిర్ణయమైపోతుంది. రో 0.5 అయితే అది పారాబొలా. అంతకంటే తక్కువైతే దీర్ఘవృత్తపు ముక్క, ఎక్కువైతే మూలకు దగ్గరగా నెట్టుకుపోయే హైపర్‌బొలా. 90 డిగ్రీల మూలలో రెండు వైపులా సమానంగా తీసుకుని 0.414 పెడితే అచ్చంగా పావు వృత్తం వస్తుంది. విమానాల పనిలో ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవాడు నార్త్ అమెరికన్ ఏవియేషన్‌లో పనిచేసిన రాయ్ లైమింగ్. పి-51 మస్టాంగ్ విమానం ఒంటిని కోనిక్ సెక్షన్లతో లెక్కగట్టి, 1944లో ఆ విద్యనంతా పుస్తకంగా వేశాడు. అప్పటికి కంప్యూటర్ లేదు. లెక్కల యంత్రం ముందు కూర్చున్నవాళ్లు ఒక్కో సెక్షన్‌కూ అంకెలు తీసేవాళ్లు. బెజియే రెనో కార్ల కంపెనీలోనూ, ద కాస్టెల్జో సిత్రోయెన్‌లోనూ తమ వక్రాలను తయారు చేసింది ఆ తర్వాతే.

మా పనికి పారాబొలా మరీ నచ్చడానికి ఒక కారణం ఉంది. మూల బిందువు, రెండు చివరలు కలిపితే ఏర్పడే త్రిభుజంలో పారాబొలా కోసేసేది సరిగ్గా మూడో వంతు. ఆర్కిమెడిస్ నాటి నుంచీ తెలిసిన సంగతి. కాబట్టి వైశాల్యం సూత్రం ఒక్క వరుసలో వచ్చేస్తుంది. కావలసిన వైశాల్యం ఇస్తే ఎత్తు ఎంతో వర్గ సమీకరణంతో తేలిపోతుంది, ప్రతి సెక్షన్ దగ్గరా కొలిచి, సరిచేసి, మళ్లీ కొలిచే తంటా ఉండదు. అడుగు ఒకటి, గోడలు రెండు, కోనిక్‌లు రెండు: టంగ్ నుంచి త్రోట్ దాకా ఐదే ముక్కలు.

గోడ నుంచి కోనిక్‌లోకి మారేచోట వాలు కలుస్తుంది కానీ వంపు ఒక్కసారిగా మారుతుంది. కారు బయటి రేకు మీద ఇలా ఉంటే వెలుతురు పడినప్పుడు చార కనిపిస్తుంది, ఎవరూ ఒప్పుకోరు. పంపు లోపల, ఇసుక మీద పోసిన ఇనుము గరుకుదనం ముందు దానికి విలువ లేదు. వంపు కూడా కలిసి తీరాలని అక్కడ పట్టుబట్టి మోడల్‌ను బరువెక్కించడం నాకు నచ్చదు. నునుపు ఎక్కడ కావాలో అక్కడే కావాలి. నీళ్లు పోయే దిశలో కావాలి, టంగ్ ముక్కు చుట్టూ కావాలి.

నీళ్లు పోయే దిశ అన్నాను కాబట్టి, సెక్షన్లకు మధ్య జరిగేది చెప్పాలి. పాత డ్రాయింగుల్లో వాల్యూట్‌కు 45 డిగ్రీలకు ఒకటి చొప్పున ఎనిమిది సెక్షన్లు గీసేవారు. మేస్త్రి ఒక్కోదానికి రేకు టెంప్లేటు కోసి, టేకు చెక్కలో ఆ ఎనిమిది చోట్లా దాన్ని ఆనించి చెక్కేవాడు. టెంప్లేటుకూ టెంప్లేటుకూ మధ్య ఉన్నదంతా అతని చెయ్యి, అతని కన్ను. చేతికి తగిలే చిన్న ఎత్తును కూడా ఇసుక కాగితంతో సాఫు చేసేవాడు. ఇప్పుడు ఆ ఎనిమిది సెక్షన్లూ ఇచ్చి లాఫ్ట్ అంటే మధ్య భాగాన్ని సాఫ్ట్‌వేర్ నింపుతుంది. దానికి నీళ్ల సంగతి తెలియదు. ఇచ్చిన ఎనిమిది చోట్లా వైశాల్యం సరిగ్గా ఉంటుంది, మధ్యలో ఎంత ఉందో ఎవరూ అడగరు. నేను అడుగుతాను. సెక్షన్ ఇవ్వని కోణాల దగ్గర, అంటే 22.5, 67.5 లాంటి చోట్ల కోసి వైశాల్యం చూస్తాను. గ్రాఫ్ వేస్తే, ఇచ్చిన చోట్ల మాత్రమే గీత మీద ఉండి మధ్యలో పైకీ కిందికీ ఊగుతున్నదంటే ఆ మోడల్ పనికిరాదు.

దీనికి మందు ఇంకో ఎనిమిది సెక్షన్లు చేర్చడం కాదు. సెక్షన్లు ఎక్కువైనకొద్దీ వాటి మధ్య అలలు ఎక్కువవుతాయి కూడా. సెక్షన్‌ను ఒక్కటే గీసి, దాని ఎత్తును కోణంతో ముడిపెట్టి, ఆ ఒక్కదాన్నే చుట్టూ నడిపించాలి. క్రియో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ట్రాజ్‌పార్ అనే పేరు తెలుసు. దారి మొదట్లో దాని విలువ 0, చివర్లో 1. దాన్ని 360తో గుణిస్తే కోణం వస్తుంది. ఆ కోణానికి వైశాల్యం ఎంతో ఒక గ్రాఫ్ చెబుతుంది, వైశాల్యం నుంచి ఎత్తు మన సూత్రం చెబుతుంది. మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ ఈ పనికి వేరే పేర్లతో వసతులున్నాయి. అప్పుడు 22.5 దగ్గరైనా 23 దగ్గరైనా ఆకారం నియమం నుంచే వస్తుంది, నింపడం ఉండదు. పారామెట్రిక్ అంటే కొలత మారిస్తే బొమ్మ మారడం అని చాలామంది అనుకుంటారు. అది అందులో చిన్న భాగం. ఆకారం ఎందుకు అలా ఉందో ఆ కారణాన్ని మోడల్ లోపల రాసిపెట్టడం దాని అసలు పని. రేపు గంటకు 200 ఘనమీటర్ల పంపును 250కి పెంచమంటే మార్చాల్సినది ఒక్క అంకె కావాలి.

టంగ్ దగ్గర మాత్రం సూత్రాన్ని ఒంటరిగా వదిలితే సున్నా వైశాల్యం ఇస్తుంది. కోర్ అక్కడ కత్తి అంచులా పలచబడుతుంది. బాలానగర్‌లో కోర్ బాక్సులు చేసే ఒక మేస్త్రి నా మోడల్ చూసి, వేలు ఆ కొసకే పెట్టాడు.

“గీడ ఇసుక నిలవది సార్. మెటల్ పోస్తుంటెనే ఊడొస్తది.”

“ఎంతుండాలె మేస్త్రీ?”

“ఎనిమిది మిల్లీలన్న ఉండాలె. గంతకు తక్కువైతె నేను చేసిస్త గని, ఫౌండ్రీల నిలవది.”

ఆ ఎనిమిది మిల్లీలు నాకు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఆ ఇసుకకు, ఆ సైజు కోర్‌కు, ఆ ఫౌండ్రీకి చెందిన అంకె అది. దాన్ని మోడల్‌లో కనీస ఎత్తు అనే పేరుతో పెట్టాను. పెట్టే పద్ధతిలో జాగ్రత్త కావాలి. లెక్క ఇచ్చిన ఎత్తు, కనీస ఎత్తు, రెండింటిలో పెద్దది తీసుకో అని రాస్తే, ఒకటి ఆగి ఇంకోటి అందుకునే కోణం దగ్గర గోడలో మడత పడుతుంది. అలా కాక, కనీస ఎత్తుకు వచ్చే వైశాల్యంతో మొదలుపెట్టి దాని మీద నీటి నియమం ప్రకారం పెంచుకుంటూ పోవాలి. నీళ్లలో కొంత భాగం టంగ్ సందులోంచి మళ్లీ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ కాస్త అదనపు దారి వృథా పోదు. మేస్త్రి ఇసుక కోసం అడిగిన చోటు నీళ్లు కూడా అడిగే చోటే.

జలవిద్యుత్ యంత్రాల్లోనూ ఇదే చిక్కు వేరే రూపంలో ఉంది. ఫ్రాన్సిస్ టర్బైన్ చుట్టూ ఉండే స్పైరల్ కేసింగ్‌ను ఉక్కు ప్లేట్లతో, ముక్క ముక్కగా వంచి వెల్డింగ్ చేస్తారు. లావు వైపు సెక్షన్లన్నీ వృత్తాలే. చుట్టూ తిరిగి సన్నబడే కొసకు వచ్చేసరికి వృత్తం ఎంత చిన్నదవుతుందంటే, లోపలి స్టే రింగ్ నోటిని అందుకోలేదు. ఆ నోటి వెడల్పు మారదు కదా. అందుకని అక్కడి నుంచి సెక్షన్‌ను దీర్ఘవృత్తంగా మారుస్తారు. మా ఫిల్లెట్‌కు చోటు చాలకపోవడం, వాళ్ల వృత్తానికి నోరు అందకపోవడం, రెండూ ఒకే జబ్బు. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి. కరెంటు తీసేటప్పుడు నీళ్లు అదే దారిలో లోపలికి, పంపుగా నడిచేటప్పుడు బయటికి. ఒకే అడ్డుకోత రెండు దిశలకూ జవాబు చెప్పాలి. అటువంటి పనిలో సెక్షన్ నియమం రాసేవాళ్ల మీద నాకు గొప్ప గౌరవం.

మా దగ్గరికి తరచుగా వచ్చే ఇంకో రకం పని పాత కేసింగ్ తెచ్చి దీనిలాంటిదే కావాలనడం. డ్రాయింగు ఉండదు. స్కానర్ పెడితే లక్షల బిందువులు వస్తాయి. వాటిని కోసి, ఒక్కో కోతలో బిందువులన్నిటి మీదుగా స్ప్లైన్ లాగితే పనైపోయినట్టు కనిపిస్తుంది. స్కాన్‌తో పోల్చి చూస్తే తేడా దాదాపు సున్నా. కానీ ఆ స్ప్లైన్ మీద, వంపు ఎక్కడ ఎంతో చూపే కర్వేచర్ కోంబ్ వేసి చూడండి. గీత పొడవునా వంపు పెరిగి తగ్గి, అటు తిరిగి ఇటు తిరిగి, ఎక్కడా నిలకడ ఉండదు. ఆ కేసింగ్‌లో ఏళ్ల తరబడి నీళ్లు కోసిన గుంటలు, తుప్పు, పోతలో వచ్చిన జరుగుడు, ఇవన్నీ ఆ గీతలో అచ్చయిపోయాయి. కోర్ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగిన పాత పోతలో ఎడమ గోడ, కుడి గోడ ఒక్కలా ఉండవు. దాన్ని అలాగే దించుకుంటే పాత కేసింగ్ తప్పులకు మనం కొత్త డ్రాయింగు ఇచ్చినవాళ్లమవుతాం. నేను స్కాన్‌ను ప్రశ్నగా చూస్తాను. ఈ సెక్షన్లు గీసినవాడు అడుగు వెడల్పు ఎంత పెట్టుకున్నాడు, గోడ వాలు ఎంత, వైశాల్యం ఏ నియమంతో పెంచాడు? నాలుగైదు అంకెలు దొరికితే వాటితో కొత్త మోడల్ కట్టి, దాన్ని స్కాన్ మీద పెట్టి చూస్తాను. గోడ మీద అర మిల్లీమీటరు, మిల్లీమీటరు తేడా అన్నిచోట్లా చెల్లాచెదురుగా ఉంటే అది అరుగుదల. ఒకే వైపు వరసగా పెరుగుతూ పోతే నేను ఊహించిన నియమం ఆ డిజైనరుది కాదు, మళ్లీ వెతకాలి. కస్టమరుకు ఈ ఆలస్యం నచ్చదు. అయినా ఈ పనికి నేను తీసుకునే రోజుల్ని తగ్గించుకోను.

నీళ్ల సాలిడ్ తయారయ్యాక ఇనుము కప్పడం తేలికే, ఒక్కచోట తప్ప. గోడ మందం కోసం ఉపరితలాన్ని బయటికి ఆఫ్‌సెట్ చేస్తాం. వంపు ఇనుము వైపుకు తిరిగిన చోట, అంటే టంగ్ ముక్కు దగ్గర, వ్యాసార్ధం మందం కంటే తక్కువైతే ఆఫ్‌సెట్ తనలో తాను దూరిపోతుంది. అక్కడ ఆఫ్‌సెట్‌ను నమ్మకుండా ముక్కును విడిగా కడతాను. త్రోట్ దాటాక డెలివరీ ఫ్లాంజి వరకూ ట్రెపీజియం వృత్తంగా మారాలి. వృత్తం ఒక్కటే ముక్క కాబట్టి దాన్ని కూడా ఐదుగా విడగొట్టి, అడుగుకు అడుగు, గోడకు గోడ, కోనిక్‌కు కోనిక్ ఎదురయ్యేలా విడగొట్టే కోణాలు ఎంచుకుంటాను. ఇక్కడా దారి విచ్చుకునే తీరును వైశాల్యంతోనే చూడాలి. సమాన వైశాల్యం ఉన్న శంకువు అనుకుంటే దాని మొత్తం కోణం 7, 8 డిగ్రీల దగ్గర ఆగాలి. మించితే నీళ్లు గోడను వదిలేస్తాయి. ఇవన్నీ అయ్యాక పోత ఇనుముకు కుంచించుకుపోయే కొలత, సుమారు ఒక శాతం, ప్యాటర్న్ ఫైల్‌లో మాత్రమే కలుపుతాను. నీళ్ల మోడల్‌లో ఎప్పుడూ కలపను. ఏ ఫైల్లో అది కలిసిందో తెలియక రెండుసార్లు కలిపితే వైశాల్యం రెండు శాతం పెరిగిపోతుంది.

ఇప్పుడు పంపు అంకెలు ఇస్తే వాల్యూట్ మొత్తం తానే కట్టేసే ప్రోగ్రాములు వచ్చాయి. మంచివే, నేనూ వాడతాను. వాటి నుంచి వచ్చిన ఆకారానికి కూడా సెక్షన్ ఇవ్వని కోణాల దగ్గర కోతలు వేసి వైశాల్యం పట్టిక తీస్తాను. డిజైన్ విడుదల చేసే ముందు ఆ పట్టిక, దాని పక్కన కావలసిన వైశాల్యం, తేడా శాతం, మూడు నిలువు వరుసలూ డ్రాయింగు మీదే అచ్చు వెయ్యాలని మా విభాగంలో పట్టుబట్టి పెట్టించాను. కోర్ బాక్స్ తయారయ్యాక అదే కోణాల దగ్గర కొలిచి నాలుగో వరుస నింపేది మేస్త్రి.